సునాముఖి టీ మాన్పించిన పదహారు వారాలు: గ్వాంగ్‌జౌ నుంచి ఒక కేసు

"ఇంకో ఎనిమిది కిలోలు తగ్గాలి డాక్టరమ్మా. ఈ టీ ఇప్పుడు పనిచేయడం లేదు. దీనికంటే గట్టిది ఏదైనా రాయండి." కుర్చీలో కూర్చుంటూనే ఆమె అన్న మాట ఇది.

అది 2023 మార్చి. చైనాలోనే ఎంబీబీఎస్ ముగించి, గ్వాంగ్‌జౌలో చైనా సంప్రదాయ వైద్యంలో మాస్టర్స్ చేస్తూ, ఒక బోధనాసుపత్రి జీర్ణకోశ ఓపీలో పనిచేస్తున్నాను. రోగిని చూసేది, చీటీ రాసేది నేను. దాన్ని దిద్ది సంతకం పెట్టేది మా గురువుగారు, ముప్ఫై ఏళ్ళుగా అదే ఓపీలో కూర్చుంటున్న వైద్యురాలు. తెలుగు మాట్లాడే రోగులు అక్కడికి అరుదుగా వస్తారు. ఈమె భర్త పక్కనే ఉన్న ఫోషాన్‌లో టైల్స్ ఎగుమతి వ్యాపారం చేస్తారు. గుంటూరు నుంచి వచ్చి ఆరేళ్ళయింది. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను, వైద్య వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

వయసు 41. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 71.2 కిలోలు, నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. ఎత్తుతో పోల్చి బరువును లెక్కించే బీఎంఐ 29 దాటింది. చైనా లెక్కలో 28 దాటితే స్థూలకాయం, మన దేశపు లెక్కలో 25కే ఆ గీత. తిన్న అరగంటకు కడుపు ఉబ్బరం, త్రేన్పులు. మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చున్నచోటే కునుకు. కాళ్ళకు తడిబట్ట చుట్టినట్టు బరువు. ఇవన్నీ రెండేళ్ళుగా ఉన్నాయి. బరువు తగ్గిస్తుందని అమ్మే ఆ టీ మొదలుపెట్టి పద్నాలుగు నెలలయింది. మొదటి నెలలో మూడు కిలోలు తగ్గారు, ఆ తర్వాత కాటా కదల్లేదు. రోజుకు రెండు పొట్లాలతో మొదలై నాలుగుకు చేరారు. తాగిన రోజు కడుపులో మెలిపెట్టి మూడు నాలుగు నీళ్ళ విరేచనాలు, తాగకపోతే నాలుగు రోజులైనా కదలిక లేదు.

టీ పెట్టె తెచ్చారా అని అడిగాను. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. పెట్టె మీద తామరాకు బొమ్మ, సన్నని నడుము బొమ్మ. ఒక పొట్లం కత్తిరించి తెల్లకాగితం మీద పరిచాను. చిన్న పట్టకారుతో విడదీస్తూ పోతే నాలుగు దినుసులు తేలాయి. ముదురాకుపచ్చ ముక్కలు తామరాకు. నిగనిగలాడే, ఏటవాలుగా కోసినట్టుండే గోధుమరంగు గింజలు జ్యుయెమింగ్‌జీ, అంటే మన బంజర్లలో మొలిచే తగిరిస జాతి గింజలు. ఎర్రటి ఎండు ముక్కలు షాన్‌జా అనే పుల్లని పండువి. నాలుగోది పలచని, పసుపు కలిసిన లేతాకుపచ్చ ఆకు. తొడిమ దగ్గర రెండు వైపులా సమానంగా లేదు, ఒక పక్క కిందికి జారి ఉంది. ఆ ఆకును చూడగానే మా అమ్మమ్మ మందుల డబ్బా గుర్తొచ్చింది. సునాముఖి. మన వాళ్ళు నేలతంగేడు అని కూడా అంటారు.

చైనా వాళ్ళు దీన్ని ఫాన్‌షియేయే అంటారు. ఆ పేరుకు 'విదేశీ విరేచనపు ఆకు' అని అర్థం. ఆ విదేశంలో మనమూ ఉన్నాం, తిరునెల్వేలి పరిసరాల్లో పండే సునాముఖికి ప్రపంచమంతా పేరుంది. తామరాకు, షాన్‌జా టీ రుచికి, పెట్టె మీద బొమ్మకు. పని చేసేది మాత్రం ఈ ఆకు. నాలుగు పొట్లాల్లోని ఆకును ఏరి తూచితే నాలుగు గ్రాములు దాటింది. చైనా ఔషధ ప్రమాణ గ్రంథం ఈ ఆకుకు ఇచ్చిన మోతాదు 2 నుంచి 6 గ్రాములు. అంటే మోతాదు హద్దులోనే ఉంది. హద్దు మీరింది కాలం. నాలుగైదు రోజులు వాడి ఆపాల్సిన ఆకును ఆమె పద్నాలుగు నెలలు తాగారు.

ఇక్కడ కొంచెం ఆగి వివరించాలి, ఎందుకంటే ఈ సంగతి తెలియకే చాలామంది మోసపోతున్నారు. సునాముఖిలో ఉండే సెన్నోసైడ్లు కడుపును, చిన్నపేగును ఏ మార్పూ లేకుండా దాటిపోతాయి. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని విడగొడుతుంది. అప్పుడు పుట్టే పదార్థం పేగును ముడుచుకునేలా చేసి, నీటిని లోపలికి లాగుతుంది. అయితే మనం తిన్న అన్నం, నూనె, చక్కెర అప్పటికే చిన్నపేగులో ఒంటికి పట్టేశాయి. బయటికి పోయేది నీరూ, ఉప్పులూ, మలమూ. కాటా మీద తగ్గిన మూడు కిలోల్లో కొవ్వు ఉండదు. నీటితో పాటు పొటాషియం పోతుంది. పొటాషియం తగ్గితే పేగు కండరమే నీరసిస్తుంది, మలబద్ధకం ఇంకా బిగుస్తుంది, ఇంకో పొట్లం కావాల్సి వస్తుంది.

పరీక్షలకు పంపాం. పొటాషియం 3.1 వచ్చింది, కనీసం 3.5 ఉండాలి. థైరాయిడ్, క్రియాటినిన్ మామూలుగా ఉన్నాయి. మూడు నెలల చక్కెర సగటు 5.9 శాతం, మధుమేహానికి ముందు మెట్టు. కాలేయ ఎంజైము ఏఎల్‌టీ 38. స్కానింగులో కాలేయానికి కొద్దిగా కొవ్వు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా కోసం చేసిన శ్వాస పరీక్షలో ఏమీ లేదు. గర్భం లేదని నిర్ధారించుకున్నాం. బరువు మందుల కోసం వచ్చే స్త్రీకి ఈ పరీక్ష చేయకుండా ఒక్క ఆకు కూడా రాయకూడదు. ఈసీజీలో తేడా లేదు. నోరు ఎండిపోవడం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం ఉన్నాయా అని విడిగా అడిగాను. ఎందుకంటే 'మూలికా' మాత్రలు, టీలు అని అమ్మే వాటిలో ఆకలిని చంపే సిబుట్రమిన్ అనే మందు కలపడం ఎన్నో దేశాల్లో పట్టుబడింది. గుండెకు ముప్పు అని ఆ మందును చైనా 2010లో, మన దేశం 2011లో నిలిపేశాయి. ఆమెకు ఆ లక్షణాలేవీ లేవు.

నలభై దాటిన వ్యక్తికి మల విసర్జన తీరు మారింది కాబట్టి, పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ చేయించాలని గురువుగారు పట్టుబట్టారు. తెర మీద పెద్దపేగు గోడ చిరుతపులి చర్మంలా, గోధుమ నలుపు మచ్చలతో కనిపించింది. సునాముఖి, రేవల్చిని లాంటివి నెలల తరబడి వాడిన వాళ్ళ పేగు ఇలా నల్లబడుతుంది. గడ్డలేమీ లేవు. ఈ నలుపు దానంతటది ప్రమాదం కాదు, ఆకు మానేస్తే నెమ్మదిగా పోతుంది. ఆ బొమ్మ చూశాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

ఇక చైనా వైద్యం కళ్ళతో చూస్తే. నాలుక పాలిపోయి, ఉబ్బి, నోట్లో ఇమడనట్టుంది. రెండంచుల వెంటా పళ్ళ గాట్లు. మీద తెల్లని, జిడ్డుగా అంటుకున్న పాచి. నాడి మెత్తగా ఉంది, వేలు కొంచెం నొక్కితే దొరకడం లేదు. మా పాఠాల్లో దీనికి పేరు, పీ శక్తి తగ్గి తేమ పేరుకోవడం. పీ అనే అక్షరాన్ని ప్లీహం అని అనువదిస్తారు కానీ పక్కటెముకల కింద ఉండే ఆ అవయవం కాదిది. తిన్నదాన్ని సారంగా మార్చి, ఆ సారాన్ని ఒళ్ళంతా పంచే పని మొత్తానికీ ఆ పేరు పెట్టారు. ఆ పని మందగిస్తే, మారని సారం తేమగా మిగిలిపోయి ఒంటిని బరువెక్కిస్తుందన్నది వాళ్ళ ఆలోచన. మన ఆయుర్వేదంలోని మందాగ్ని, ఆమం గుర్తొస్తాయి. పోలిక నిజమే గానీ రెండింటి మందుల తర్కం వేరు, కలిపేయకూడదు. పదమూడో శతాబ్దంలో లీ దోంగ్‌యువాన్ అనే వైద్యుడు యుద్ధాలు, ముట్టడులు, ఆకలి మధ్య జనాన్ని చూసి, వేళ తప్పిన తిండీ అలసటా కలిసి పీని దెబ్బతీస్తాయని వాదించాడు. పీ బలహీనపడిన మనిషికి విరేచనం ఇవ్వడమంటే కూలీ లేని ఇంట్లో పొయ్యి కూడా ఆర్పేయడమే. పద్నాలుగు నెలలుగా ఆమెకు జరిగింది అది.

మొదటి చీటీ రాశాను. సోంగ్ రాజవంశం నాటి ప్రభుత్వ ఔషధశాల యోగాల్లో ఉన్న షెన్ లింగ్ బాయ్ జు సాన్ ఆధారంగా రాశాను, ఈ లక్షణాలకు అది తొమ్మిది వందల ఏళ్ళుగా వాడుకలో ఉన్న యోగం. గురువుగారు ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చి, గాన్‌త్సావ్ 6 గ్రాములు అన్నచోట కలం ఆపారు. "పొటాషియం 3.1 ఉన్న మనిషికి అతిమధురమా?" అన్నారు.

గాన్‌త్సావ్ అంటే మన అతిమధురమే. చైనా వైద్యంలో దానికి గువోలావ్ అని బిరుదు, అంటే రాజ్యంలో పెద్దమనిషి అని, మందులన్నిటినీ సర్ది కలుపుతుందని. దాదాపు ప్రతి యోగంలోనూ ఉంటుంది కాబట్టి చెయ్యి దానంతటదే రాసేస్తుంది. కానీ అతిమధురంలోని గ్లిసిరైజిన్ మూత్రపిండంలో ఒక ఎంజైమును అడ్డుకుని ఉప్పును నిలబెట్టి, పొటాషియంను బయటికి తోస్తుంది. ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. రక్త పరీక్ష కాగితం నా చేతిలోనే ఉంది, నేనే చదివి చీటీలో రాశాను, అయినా ఈ రెండు విషయాలనూ జతచేయలేదు. ఆ తప్పు నన్ను చాలా రోజులు వెంటాడింది. యోగం పాతదైతే సరిపోదు, అది ఎదురుగా కూర్చున్న మనిషి రక్తానికి సరిపోవాలి.

ఆ వారం కషాయమే వద్దన్నారు గురువుగారు. టీ ఆపించి, పొటాషియం మాత్రలు మాత్రమే ఇచ్చాం.

ఐదో రోజు ఆమె ఫోను చేశారు. గొంతులో ఏడుపు. "మూడు రోజులైంది, కడుపు కదల్లేదు. ముఖం ఉబ్బింది. కాటా మీద 72.9 చూపిస్తోంది. టీ మళ్ళీ తాగేస్తాను డాక్టరమ్మా." ఇది వస్తుందని తెలిసీ నేను ముందుగా గట్టిగా చెప్పలేదు. నెలల తరబడి నీరు పోతున్న ఒళ్ళు, దొరికిన నీటినీ ఉప్పునూ పట్టి ఉంచడం నేర్చుకుంటుంది. విరేచనం ఆగగానే కొన్నాళ్ళు ఒళ్ళు నీరు పడుతుంది, బరువు పెరుగుతుంది. సరిగ్గా ఈ వారంలోనే జనం తిరిగి పొట్లాలకు వెళ్ళిపోతారు. "మీరు లావెక్కలేదండీ, ఇన్నాళ్ళూ పోగొట్టుకున్న నీటిని తిరిగి తెచ్చుకుంటున్నారు. రేపు రక్త పరీక్షకు రండి, మందు మొదలుపెడదాం" అన్నాను. మర్నాడు పొటాషియం 3.9. కషాయం మొదలైంది.

చీటీలో పెద్ద భాగం బాయ్‌జు అనే వేరు, 30 గ్రాములు, పచ్చిగా ఆరబెట్టినది. ఈ వేరు గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. దీన్నే గోధుమ తవుడుతో కలిపి దోరగా వేయిస్తే పల్చని విరేచనాలను కట్టేస్తుంది. వేయించకుండా, మోతాదు పెంచి ఇస్తే నీరసించిన పేగును మెల్లగా కదిలిస్తుంది, మెలిపెట్టదు. రేవల్చినితో ఒక్క రోజులో తెప్పించే పనిని దీనితో పది రోజుల్లో తెప్పించవచ్చు. ఆమెకు కావాల్సింది ఆ పది రోజుల దారి. దానికి తోడు జిషి 10 గ్రాములు, పండకముందే రాలిన నారింజ జాతి కాయలు ఎండబెట్టినవి. ఇందులో గుండె వేగం, రక్తపోటు పెంచగల పదార్థం ఉంది కాబట్టి ప్రతి వారం బీపీ చూడాలని చీటీ మీదే రాశాం. ఆమె బీపీ మొదటి నుంచి చివరిదాకా 130 దాటలేదు. నీరసానికి జిన్‌సెంగ్ బదులు వాడే వేరు దాంగ్‌షెన్ 15, తేమకు పైన్ చెట్టు వేళ్ళ మీద పెరిగే ఫూలింగ్ 15, ముత్యాల్లాంటి గడ్డిగింజ ఈయీరెన్ 20, పెండలం జాతి గడ్డ షాన్‌యావ్ 15, ఉబ్బరానికి ఎండిన నారింజ జాతి తొక్క చెన్‌పీ 6, ఏలకుల కుటుంబానికి చెందిన షారెన్ 5. పాత యోగంలో ఉండే తామర గింజలు మలాన్ని కట్టేస్తాయి కాబట్టి తీసేశాం. అతిమధురం లేదు.

పాత యోగంలో బాయ్‌బియెన్‌దోవ్ అని ఇంకో దినుసు ఉంటుంది. అది మన చిక్కుడు గింజే. పొట్లంలో వాటిని చూసి ఆమె, "వీటి కోసమా నేను ఇంత దూరం వచ్చింది?" అన్నారు. మొదటిసారి నవ్వారు. ఇంకా పైన 15 గ్రాముల దావ్‌యా చేర్చాం, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన వడ్లు. మాంసం, కొవ్వు అరగకపోతే షాన్‌జా, అన్నం, పిండివంటలు అరగకపోతే వడ్ల మొలక, బార్లీ మొలక వాడాలన్నది ఇక్కడి పద్ధతి. మూడు పూటలా బియ్యమే తినే మనిషికి బియ్యపు మొలకే సరైనది.

చాలామంది రోగులు ఆసుపత్రిలోనే కాయించి సంచుల్లో పోయించుకుంటారు. ఈమె ఇంట్లోనే కాచుకుంటానన్నారు. నేను ఒక సాయంత్రం వెళ్ళి చూపించాను. ఇనుము, అల్యూమినియం పాత్రలు పనికిరావు, మట్టి కుండ కావాలి. పొట్లం కుండలో పోసి, దినుసుల మీద రెండు వేళ్ళ ఎత్తున నీళ్ళు పోసి అరగంట నానబెట్టాలి. ముందు పెద్దమంట, పొంగు రాగానే సన్నసెగ, అరగంట. షారెన్ గింజల్ని రోట్లో చితకగొట్టి చివరి ఐదు నిమిషాలకే వేయాలి. ముందే వేస్తే దాని సువాసన అంతా ఆవిరైపోతుంది, ఆ సువాసనే దాని మందు. వడగట్టి, మళ్ళీ నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు కాచి, రెండు కాపులూ కలిపి సగం సగంగా పొద్దున్నా సాయంత్రం, తిన్న గంటకు, గోరువెచ్చగా తాగాలి. ఇల్లంతా తడిమట్టి, నారింజ తొక్క కలిసిన వాసన. మొదటి గుక్క తాగి ముఖం చిట్లించారు గానీ, "చేదు కాదండీ, పాత గోనె సంచి వాసన" అన్నారు. సరిగ్గా చెప్పారు.

తిండి దగ్గర గురువుగారికీ నాకూ మాట పడింది. చైనా వైద్యంలో చల్లనివి, పచ్చివి పీకి శత్రువులు. పెరుగు పూర్తిగా మానేయాలన్నారు ఆవిడ. "పెరుగు లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు" అన్నారు ఈమె. నేను ఈమె పక్షం తీసుకున్నాను. ఎప్పటికీ పాటించలేని పథ్యం రాసి పంపితే మిగతా పథ్యం కూడా పోతుంది. చివరికి ఫ్రిజ్‌లోని పెరుగు వద్దు, బయట తోడుపెట్టింది మధ్యాహ్నం మాత్రం ఒక చిన్న గిన్నెడు, రాత్రి వద్దు అని ఒప్పందం కుదిరింది. ఐసు నీళ్ళు మానేశారు. అన్నం కొలిచి వండటం మొదలుపెట్టారు. ఊరగాయ మానమని నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. అసలు కష్టం రాత్రి భోజనం. భర్త షోరూము మూసి వచ్చేసరికి పది. ఆరేళ్ళుగా ఆమె ఆయన కోసం ఆగి పదిన్నరకు తిని, పదకొండుకు పడుకుంటున్నారు. "ఆయన కంటే ముందు తినడం..." అని ఆగారు. మూడో సందర్శనకు భర్తను కూడా రమ్మన్నాను. ఆయనకు ఈ సంగతే తెలియదు. ఆ వారం నుంచి ఆమె ఏడున్నరకు తిని, అపార్ట్‌మెంట్ ముందున్న ఖాళీ స్థలంలో రాత్రి పూట పాటలు పెట్టుకుని నృత్యం చేసే చైనా ఆడవాళ్ళతో కలిశారు. భాష అంతంతమాత్రమే, అయినా చెయ్యి పట్టి లాగి వరుసలో నిలబెట్టారట.

రెండో సందర్శనలో ఒక సంగతి బయటపడింది. ఇదే టీ పెట్టెలు నాలుగు గుంటూరులో చెల్లెలికి పంపారట. చెల్లెలికి బీపీ ఉంది, ఏ మాత్ర వాడుతోందని అడిగితే ఫోనులో ఫొటో చూపించారు. అందులో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిసి ఉంది. అదీ పొటాషియం తగ్గించేదే. రెండూ కలిస్తే గుండె లయ తప్పేంత ప్రమాదం. "చెట్టు ఆకే కదండీ, ఏమవుతుందని పంపాను" అన్నారు. అక్కడే కూర్చోబెట్టి ఫోను చేయించాను. మర్నాడు గుంటూరు నుంచి రిపోర్టు వచ్చింది, పొటాషియం 2.9. అక్కడి వైద్యులు వెంటనే చూసుకున్నారు, ఇప్పుడు ఆమె క్షేమం.

చెట్టు ఆకు ఏం చేస్తుందో నమ్మని వాళ్ళకు నేను బ్రసెల్స్ కథ చెబుతాను. 1990ల మొదట్లో అక్కడ బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో వాడిన మాత్రల్లో హాన్‌ఫాంగ్‌జీ అనే వేరు ఉండాల్సింది. పేరు దగ్గరగా ఉండే గ్వాంగ్‌ఫాంగ్‌జీ అనే వేరే మొక్క వేరు వచ్చి కలిసింది. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. వంద మందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఎంతోమందికి డయాలసిస్, మార్పిడి తప్పలేదు. తర్వాత వాళ్ళలో మూత్రనాళాల క్యాన్సర్లు కనబడ్డాయి. 1993లో ఈ సంగతి వైద్య పత్రికలో వచ్చింది. 2004లో చైనా గ్వాంగ్‌ఫాంగ్‌జీ వాడకాన్నే తీసేసింది. చైనా వైద్యంలో వాడుకలో ఉన్న మొక్క అది. మన పల్లెల్లో పాముకాటుకని నూరిచ్చే ఈశ్వరి వేరు, గాడిదగడపాకు కూడా ఆ ఆమ్లం ఉండే అరిస్టోలోకియా ప్రజాతివే. వాటిని లోపలికి తీసుకోకండి అని ఈ కేసు చదువుతున్న ప్రతి ఒక్కరినీ వేడుకుంటున్నాను.

కషాయం మొదలైన తొమ్మిదో రోజున మందుబిళ్ళ, టీ ఏదీ లేకుండా ఆమెకు మలవిసర్జన అయింది. ఆ ఉదయం ఆరున్నరకే నాకు సందేశం పంపారు. మూడో వారానికి రెండు రోజులకోసారి, తర్వాత రోజూ. ఉబ్బరం సగానికి తగ్గింది. నాలుగో వారం బరువు 72.1.

ఐదో వారంలో మళ్ళీ తప్పు జరిగింది, ఈసారి గురువుగారి కన్ను కూడా దాటిపోయింది. రోజుకు మూడుసార్లు పల్చగా పోతోందని వచ్చారు. పేగు తేరుకుంటున్న కొద్దీ పచ్చి బాయ్‌జు తగ్గించాల్సింది, మేం అదే చీటీ మూడు వారాలు పొడిగించాం. పొటాషియం వెంటనే చూశాం, 4.0, హాని జరగలేదు. పచ్చి బాయ్‌జు తీసి, తవుడులో వేయించింది 15 గ్రాములు పెట్టాం. జిషి ఆపేశాం. తీసేసిన తామర గింజలు తిరిగి వచ్చాయి. నాలుగు రోజుల్లో సర్దుకుంది. చైనా వైద్యంలో చీటీని ఏడు రోజులకు మించి రాయకూడదని మాకు ఎందుకు నేర్పారో ఆ వారం అర్థమైంది.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అదే మంచి సంగతి. ఎనిమిదో వారం 70.0, పన్నెండో వారం 68.3, పదహారో వారం 66.9 కిలోలు. నడుము 87. చక్కెర సగటు 5.6, ఏఎల్‌టీ 27. కాలేయ, మూత్రపిండ పరీక్షలు నెలకోసారి చేశాం, ఎక్కడా తేడా రాలేదు. నాలుక అంచుల గాట్లు దాదాపు పోయాయి, పాచి పలచబడింది. మధ్యాహ్నపు కునుకు మాయమైంది. పదకొండో వారం నుంచి కషాయం రోజు విడిచి రోజు, పదహారో వారంలో పూర్తిగా ఆపాం.

కషాయం వల్ల నాలుగు కిలోలు తగ్గాయని నేను రాయను. రాత్రి భోజనం మూడు గంటలు ముందుకు జరిగింది, అన్నం కొలతకు వచ్చింది, వారంలో ఐదు రాత్రులు ఆమె నృత్యం చేశారు. ఇవన్నీ ఒకేసారి మొదలైనప్పుడు ఏది ఎంత అన్నది ఒక్క మనిషి కేసులో విడదీయలేం. కాలేయపు కొవ్వు, చక్కెర తగ్గడం ప్రధానంగా తిండి, నృత్యాల పుణ్యమని నా అంచనా. కషాయం చేసిన పని వేరు. పద్నాలుగు నెలలు విరేచనం మీద బతికిన పేగును మళ్ళీ సొంతంగా పనిచేయించి, ఆమెను ఆ పొట్లాల దగ్గరికి తిరిగి వెళ్ళనివ్వలేదు. ఉబ్బరం తగ్గింది కాబట్టి రాత్రి ఏడున్నరకు తినగలిగారు, కాళ్ళ బరువు తగ్గింది కాబట్టి కిందికి దిగి వరుసలో నిలబడగలిగారు. ఈ వైద్యం దగ్గర నేను కోరుకునేది ఇదే. పెట్టె మీద సన్నని నడుము బొమ్మ వేసి అమ్మేది ఈ వైద్యం కాదు, దాని పేరు పెట్టుకున్న సరుకు.

ఆమె అడిగిన ఎనిమిది కిలోలు తగ్గలేదు. కషాయం ఆపిన ఆరు నెలలకు 67.4 ఉన్నారు. గుంటూరు వెళ్ళి వచ్చాక కిలో పెరిగి, మళ్ళీ తగ్గారు. ఆరు నెలలకోసారి చక్కెర సగటు చూడాలని చెప్పాం, చూపించుకుంటున్నారు.

2024 ఏప్రిల్‌లో కొలనోస్కోపీ మళ్ళీ చేశారు. నేను పక్కనే నిలబడి చూశాను. పేగు గోడ గులాబీ రంగులో, సన్నని రక్తనాళాలు స్పష్టంగా కనబడేలా ఉంది. ఒకచోట మాత్రం లేత గోధుమ నీడ మిగిలింది. మత్తు దిగాక పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూపించాను. రెండింటినీ ఫోనులో ఫొటో తీసుకుని, వరండాలోకి నడుస్తూనే చెల్లెలికి పంపారు.